నిత్య ప్రార్థనకు నియతమైన వేళ

మానవుని సంకల్పం బలహీనమైనది, అలవాటు బలమైనది. ఉత్సాహంతో ఆరంభించిన కార్యాలలో అధికభాగం ఆ ఉత్సాహం చల్లారగానే నిలిచిపోవును. అలవాటైన కార్యం మాత్రం మనస్సు అలసిన నాడు కూడా సాగును. చదువు విషయంలో విద్యార్థులందరూ ఎరిగిన ఈ సత్యం భక్తి విషయంలోనూ వర్తించునని నా అభిప్రాయం.

మన కళాశాలలో ముస్లిం విద్యార్థులతోపాటు క్రైస్తవ విద్యార్థులు కూడా చదువుచున్నారు. వారిలో పలువురు తిరువూరు చుట్టుప్రక్కల పల్లెల నుండి వచ్చినవారు. వారు ఆదివారపు ఆరాధన మానరు. క్రిస్మస్‌కు, ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాలకు ఉత్సాహంగా వెళ్లుదురు. కాని దినదినం ప్రార్థించు అలవాటు నిలువుట లేదని వారే చెప్పుదురు. ఇంట తల్లిదండ్రుల సరసన కూర్చుండి చేసిన కుటుంబ ప్రార్థన, పట్టణంలో అద్దెగది చేరిన పిమ్మట ఒక నెలకు మించి సాగుట లేదు. ఉదయపు తొలి గడియను, రాత్రి తుది గడియను చేతిలోని ఫోను ఆక్రమించుచున్నది. ఇస్లాం ధర్మానుయాయినైన నాకు ఈ విషయంలో మాట్లాడు అర్హత ఏమని కొందరు ప్రశ్నింపవచ్చును. దినానికి ఐదు వేళల నమాజు విధిగా గల సమాజంలో పుట్టినవానికి వేళ విలువ కొంత తెలియును. ఆ మాత్రపు అర్హతతోనే వ్రాయుచున్నాను.

నియతమైన వేళ క్రైస్తవ సంప్రదాయానికి కొత్తది కాదు. రాజాజ్ఞ నిషేధించినను దానియేలు దినానికి ముమ్మారు యెరూషలేము దిక్కున తెరచిన కిటికీల ఎదుట మోకరించినాడు. ఏసు ఇంకను చీకటి ఉండగనే లేచి ఏకాంత స్థలానికి వెళ్లి ప్రార్థించినట్లు మార్కు సువార్త తెలుపుచున్నది. శిష్యులకు ఆయన నేర్పిన ప్రార్థనలో ఆహారం అడుగుట ఏనాటిది ఆనాటికే. కనుక రేపటి కొరకు రేపు మరల అడుగవలసినదే. తొలి క్రైస్తవుల నాటి దిదాఖే అను గ్రంథం ఆ ప్రార్థనను దినానికి మూడు మార్లు చేయుమని విధించినది. కథోలికులకు త్రికాల జపం ఉన్నది. 1549లో వెలువడిన ఆంగ్లికను ప్రార్థన గ్రంథం ఉదయానికి ఒకటి, సాయంకాలానికి ఒకటి క్రమం ఏర్పరచినది.

మన తెలుగు దేశపు క్రైస్తవ చరిత్ర కూడా ఈ పాఠమే చెప్పుచున్నది. 1854 జనవరి 1వ తేదీ వేకువన లైమన్ జ్యూయెట్ దంపతులు, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండపై ప్రార్థించినారు. తెలుగువారి నడుమ సాగుచున్న బాప్టిస్టు మిషనును మూసివేయుదమా అని అమెరికాలో చర్చ జరుగుచున్న కాలమది. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కదినాన 2,222 మంది బాప్తిస్మం పొందినారు. జనులు ఈ రెండు దినాలనే తలచుకొందురు. వాటి నడుమ ఇరువది నాలుగు సంవత్సరాలున్నవి. ఏ పండుగలోనూ స్మరింపబడని ఆ వేల దినాల ఓర్పు లేనిదే రెండవ దినం లేదు.

బాప్తిస్మం ఒక దినపు కార్యం. విశ్వాసం నిలుపుకొనుట ప్రతిదినపు కార్యం. పల్లెల్లో ఆ పని జరిగిన తీరు గమనింపదగినది. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులైన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారి కాలంలో క్రైస్తవులలో అధికసంఖ్యాకులు చదువురాని కూలీలు. పగలంతా పరుల పొలంలో శ్రమించినవారు చీకటి పడిన పిమ్మట కూడుకొందురు. ఉపాధ్యాయుడు చెప్పగా ప్రభువు ప్రార్థనను, విశ్వాస ప్రమాణాన్ని, కీర్తనలను కంఠస్థం చేయుదురు. గ్రంథం లేకున్నను, గడియారం లేకున్నను వారికి వేళ ఉన్నది, స్థలం ఉన్నది, నోటికి వచ్చిన మాటలున్నవి, తోడున్నది.

ఈ నాలుగే నేటి విద్యార్థికి కూడా ఆధారాలు. వేళ, నిత్యం జరుగు ఏదో ఒక పనికి ముడిపడినదై ఉండవలెను: ముఖం కడుగుకొనిన వెంటనే, లేక రాత్రి దీపం ఆర్పుటకు ముందు. ఫోను తాకుటకు పూర్వమే అయిన మరింత మంచిది. స్థలం గదిలో ఒక మూలయైనను చాలును. మాటలు తోచని నాడు నేర్చిన ప్రార్థనయే ఆదుకొనును. తోడు ఒక్కరున్నను, మానిన నాడు అడుగువారుందురు. పరిమాణం ఆరంభంలో స్వల్పంగా ఉండవలెను. మొదటి దినమే గంటసేపు కూర్చుండినవాడు పదవ దినాన మానివేయును. ఐదు నిమిషాలతో ఆరంభించినవాడు సంవత్సరాంతాన కూడా కనిపించును. కొద్దిదైనను ఎడతెగక సాగు సత్కార్యమే దైవానికి మిక్కిలి ప్రియమని హదీసు బోధించుచున్నది. ఒకనాడు తప్పినచో మరునాడు మరల కూర్చుండుటయే పరిహారం.

అలవాటైన ప్రార్థన యాంత్రికం కాదా అని కొందరి ఆక్షేపణ. కొంత నిజమున్నది. పెదవులు కదలి హృదయం కదలని ప్రార్థన నమాజులోనూ ఉన్నది, చర్చిలోనూ ఉన్నది. కాని హృదయం కదలిన నాడే ప్రార్థింతునని వేచియుండువానికి ఆ దినాలు క్రమంగా అరుదగును. నిత్యం కాలువను బాగుచేసి ఉంచుకొనిన రైతుకే నీరు వదలిన నాడు పొలం తడియును.

ఇక కళాశాల కమిటీవారికి ఒక విన్నపం. శుక్రవారం జుమా నమాజుకు మన కాలపట్టికలో వేళ కేటాయించినాము. అది న్యాయం. అదే న్యాయంతో మొదటి గంటకు పూర్వం పదిహేను నిమిషాలు ఒక తరగతిగదిని క్రైస్తవ విద్యార్థులకు విడువవలెను. ఇందుకు వ్యయం లేదు, బోధనకు నష్టం లేదు. మైనారిటీ సంస్థ తనలోని మరింత చిన్న మైనారిటీని చూచు తీరును బట్టియే దాని పేరు సార్థకమగును. నజ్రాను క్రైస్తవులు మదీనాకు వచ్చినప్పుడు వారి ప్రార్థనవేళ కాగా ప్రవక్త మస్జిదులోనే వారిని ప్రార్థింపనిచ్చినారని ఇబ్ను ఇస్‌హాఖ్ సేకరించిన జీవితచరిత్ర తెలుపుచున్నది. మస్జిదులో చోటు దొరికినవారికి తరగతిగదిలో చోటు లేదనవచ్చునా?

ముస్లిం విద్యార్థులకు కూడా ఒక మాట. అద్దెగదిలోని క్రైస్తవ మిత్రుడు ప్రార్థించుటకు వెనుకాడుట తరచు సోమరితనం వల్ల కాదు, తోటివారు నవ్వుదురేమో అను బిడియం వల్ల. అతడు కన్నులు మూసినప్పుడు మీరు ఫోను ధ్వని తగ్గింపుడు. మీరు ముసల్లా పరచినప్పుడు అతడును అట్లే చేయును. ఒకరి వేళను మరియొకరు కాపాడుట నేర్చినచో, ఈ కళాశాల ఇచ్చు పట్టాకు అదనంగా మరియొక విద్య మీకు లభించినట్లే.