ఆ ఒక్క డాలరును పెంచండి, లెక్క చూపండి

బే ఏరియా మెట్రోపాలిటన్ ట్రాన్స్‌పోర్టేషన్ కమిషన్ సభ్యులకు,

మీ పరిధిలోని తొమ్మిది కౌంటీల్లో బండి ఉన్నవాళ్ళంతా ఏటా రిజిస్ట్రేషన్‌తో పాటు మరో డాలరు కడుతున్నారు. చాలామందికి ఆ సంగతే తెలియదు. ఫ్రీవేల పక్కన అత్యవసర ఫోన్లు పెట్టడానికి 1980లలో కాలిఫోర్నియా శాసనసభ ఇచ్చిన అధికారంతో మొదలైన రుసుము అది. 1992 నుంచి ఇక్కడ తిరుగుతున్న ఫ్రీవే సర్వీస్ పెట్రోల్‌కు కూడా ఆ డబ్బే ఒక ఆసరా. రద్దీ వేళల్లో ఆ టో ట్రక్కులవాళ్ళు ఆగిపోయిన బండి కనబడితే టైరు మారుస్తారు, దిగిపోయిన బ్యాటరీని స్టార్ట్ చేస్తారు, ఒక గ్యాలన్ ఇంధనం పోస్తారు. అప్పటికీ కదలకపోతే ఫ్రీవే మీంచి తప్పించి క్షేమమైన చోట దింపుతారు. పైసా తీసుకోరు, ఫలానా మెకానిక్ దగ్గరికి వెళ్ళమని కూడా చెప్పరు. ఇంత అక్కరకొచ్చే పనికి ఆధారమైన డాలరు విలువ అప్పటితో పోలిస్తే దాదాపు మూడో వంతుకు పడిపోయింది. 2017 నాటి ఎస్‌బీ 1 చట్టం రాష్ట్రమంతటా ఈ గస్తీకి ఏటా 2.5 కోట్ల డాలర్లు కేటాయించి ఆదుకున్న మాట నిజమే. కానీ ఆ నిధికి పెద్ద ఊతం ఇంధన పన్ను. విద్యుత్ కార్లు పెరిగేకొద్దీ అది తరుగుతుంది. రిజిస్ట్రేషన్ మాత్రం ఏ కారుకైనా తప్పదు. అందుకే ఆ రుసుమును ధరలతో పాటు పెరిగేలా సవరించమని మీరే శాసనసభను అడగాలని నా విన్నపం.

సొంతంగా బీమా, ట్రిపుల్ ఏ వాహనదారుల క్లబ్ సభ్యత్వం ఉన్నవాళ్ళు మళ్ళీ ఎందుకు కట్టాలని అడుగుతారు. ఆ సంస్థల ట్రక్కు పిలిస్తేనే వస్తుంది, పిలిచినవాడి కోసమే వస్తుంది. ఆగిన బండి వల్ల నష్టపోయేది మాత్రం వెనకున్న వేలమంది. ఒక లేన్ ఒక్క నిమిషం మూసుకుపోతే నాలుగు నిమిషాల జాప్యమని ఫెడరల్ హైవే శాఖ ఏనాటి నుంచో చెబుతోంది. దారి తెరుచుకోవడం ఆలస్యమైన ప్రతి నిమిషమూ వెనక మరో ప్రమాదానికి అవకాశం పెంచుతుంది. ఓక్లండ్ దగ్గర 880 ఫ్రీవే మీద ఒక కారు ఆగితే, దాన్ని పది నిమిషాల ముందు తీయించడం వల్ల బాగుపడేది ఎప్పుడూ బండి ఆగని మనిషే. భారతదేశంలో జాతీయ రహదారుల మీద 1033కు ఫోన్ చేస్తే సాయం వస్తుంది, అయితే ఆ రహదారి దాటితే ఆ ఏర్పాటు లేదు. తెలుగు రాష్ట్రాల్లో సొంత కార్లకు జీవిత పన్ను ఒక్కసారే కడతారు కనుక ఏటేటా ఇలా చిన్న మొత్తం పోగుచేసే వీలు కూడా తక్కువ. ఆ వీలు మీకుంది.

అందరికీ ఒకే రుసుమంటే పేదవాడికి భారమన్న అభ్యంతరాన్ని తీసిపారేయలేను. అయితే పాత కారు నడిపేది, సభ్యత్వాలు కొనలేనిది కూడా అతనే. సెకండ్ హ్యాండ్ కారుతో రోడ్డెక్కిన విద్యార్థులూ ఆ కోవలోనివాళ్ళే. ఏడాదికి రెండు మూడు డాలర్లకు ఒక్క టో ఖర్చు తప్పినా అతనికే మేలు. అందరి చేతుల్లో ఫోన్లున్న రోజుల్లో ఫ్రీవే పక్కన ఆ అత్యవసర ఫోన్లెందుకన్న ప్రశ్నా సబబే: సిగ్నల్ అందే చోట వాటిని తీసేయండి, కొండదారుల్లో ఉంచండి, మిగిలిన డబ్బు గస్తీకి మళ్ళించండి.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం నమ్మకానిది. శాన్ డియాగోలో ఇదే రుసుము ఖర్చుకు మించి పోగుపడింది. విమర్శలు వచ్చాక, 2012లో చట్టం చేసి ఆ రుసుమును చూసుకునే సంస్థనే రద్దు చేశారు. అందుచేత పెంపుతో పాటే నిల్వకు ఒక పరిమితి పెట్టండి, గస్తీకి, మిగిలిన ఆ ఫోన్లకు తప్ప మరో పనికి వాడకుండా చట్టంలోనే రాయించండి. ఏ కౌంటీలో ఎంత వసూలైందో, ఎన్ని బండ్లకు సాయం అందిందో, సగటున ఎన్ని నిమిషాల్లో అందిందో ఏటా ప్రకటించండి. వచ్చే శాసనసభ సమావేశాలకు మీరు పంపే ప్రతిపాదనల్లో ఇది ఉండాలి.

ఇట్లు,
బే ఏరియా వాహనదారు ఒకరు