నటుని స్వీయప్రకటన

తన్ను తాను పొగడుకొనుట తగదని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. ఆ మాట కవికి చెల్లును, చిత్రకారునికిని చెల్లును. కవి వ్రాసిన పద్యము పెట్టెలో నూరేండ్లు పడియుండి, అటుపిమ్మట వెలుగు చూడవచ్చును. చిత్రకారుని పటము గోడమీద నిలిచి తన సంగతి తానే చెప్పుకొనును. నటుని సంగతి వేఱు. చూచువాడు లేనిదే అతని కళకు ఉనికి లేదు. కావున నటుడు తన్ను తాను నలుగురికి చూపుకొనుట గర్వము గాదు, వృత్తిధర్మము. ఏమి చూపవలెను, ఎట్లు చూపవలెను అనునదియే ప్రశ్న.

నేడు ఈ ప్రశ్న పాఠశాలల గుమ్మముదాక వచ్చినది. చేత సెల్‌ఫోను పట్టుకొని, పరుల పాటకు పెదవులు కదపి, ఇన్‌స్టాగ్రాములోనో యూట్యూబులోనో ప్రకటించి, అవకాశము తన్ను వెదకుకొని వచ్చునని ఎదురుచూచు యువకులు ఊరూర కలరు. అందు కొందఱు చదువు మానుచున్నారు. కొందఱు తలిదండ్రుల కష్టార్జితమును దళారుల చేతిలో పోయుచున్నారు. దీనిని పిల్లలాటగా త్రోసివేయుటకు వీలులేదు.

పూర్వము నటుని లోకమునకు చూపు భారమును నాటకసమాజములే మోసెడివి. 1885లో కడప మండలమున పుట్టిన సురభి నాటకసమాజములో బిడ్డ తల్లి ఒడినుండియే రంగమెక్కెడివాడు. తక్కినవారికి పరిషత్తులు దిక్కైనవి. 1929లో తెనాలిలో వెలసిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు మొదలుకొని పట్టణములలో జరిగిన నాటకపోటీలే ఆనాటి ఆడిషన్లు.

అక్కినేని నాగేశ్వరరావుగారు బెజవాడ రైలుస్టేషనులో ఘంటసాల బలరామయ్యగారి కంటబడి, 1944లో ‘శ్రీ సీతారామ జననము’న రాముడైన కథ తెలుగువారెఱిగినదే. దానిని అదృష్టమందురు. ఆ యువకుడు అప్పటికే ఏండ్ల తరబడి స్త్రీపాత్రలు ధరించి నాటకములాడుచున్నవాడని మాత్రము మఱతురు. నందమూరి తారకరామారావుగారు విజయవాడ కళాశాలలో విశ్వనాథ సత్యనారాయణగారి ప్రోత్సాహమున నాగమ్మ వేషము కట్టి, మీసము తీయనొల్లక ‘మీసాల నాగమ్మ’ యనిపించుకొనిరి. పిమ్మట బి.ఏ. సుబ్బారావుగారు ఆయన ఛాయాచిత్రమును చూచియే ‘పల్లెటూరి పిల్ల’కు (1950) నాయకునిగా నెన్నుకొనిరని చెప్పుదురు. క్రొత్తవారు కావలెనని ఆదుర్తి సుబ్బారావుగారు పత్రికలలో ప్రకటింపగా, ఛాయాచిత్రములు పంపి పరీక్షకు నిలిచి, ‘తేనె మనసులు’ (1965) ద్వారమున నాయకులైనవారు కృష్ణగారు. ఛాయాచిత్రము తలుపు తెఱచును. లోపల నిలువబెట్టునది సాధన.

ఇవి పాత ముచ్చటలనియు, నేడు అనుచరుల సంఖ్యను బట్టియే వేషములిత్తురనియు కొందఱందురు. అందు కొంత నిజము లేకపోలేదు. కాని సంఖ్య మొదటి వేషము నిప్పింపగలదేమో. రెండవ వేషము నిప్పించునది పనితనమే.

నేటి సహాయదర్శకుడు ఒక్క పాత్రకై తనకు వచ్చిన చిత్రములనన్నిటిని సెల్‌ఫోనులోనే చూచును. అతని ఓపిక క్షణకాలము. అట్టివానికి ఏమి పంపవలెనో భరతముని చెప్పిన చతుర్విధాభినయములే తెలుపుచున్నవి. ఆహార్యము మితముగా నుండవలెను. ఎదురుగా నొకటి, ప్రక్కనుండి యొకటి, నిలువెత్తున నొకటి ఛాయాచిత్రములు చాలును. ముఖమును నునుపుచేయు యంత్రమాయలు వలదు. చిత్రమున నొకడును ఎదుట వేఱొకడును అయినచో నమ్మకము చెడును. ఆంగిక సాత్త్వికములకు నిమిషమునకు మించని రెండు ఘట్టములు చాలును. ఒకటి నవ్వించునది, ఒకటి కలచివేయునది కావలెను. కిటికీ ప్రక్క పగటి వెలుగున, సందడి లేని గదిలో వానిని చిత్రించినచో వేఱు ఖర్చు లేదు. వయస్సు, ఎత్తు, వచ్చిన భాషలు, నేర్చిన విద్యలు నాలుగు పంక్తులలో నిజముగా వ్రాయవలెను. ఈత రానివాడు వచ్చునని వ్రాసినచో నదిలో దిగిననాడు బయటపడును.

అన్నిటికంటె ముఖ్యము వాచికము. ఆడిషన్ అను మాటకు మూలార్థమే వినుట. నేడు పరుల గొంతుకకు పెదవులు కదపుటకు అలవాటుపడినవారికి సొంత గొంతుక తెలియకున్నది. శ, ష, సలకు భేదము తెలిసి, ళకారము స్పష్టముగా పలికి, శ్రీకాకుళపు యాసయు, రాయలసీమ యాసయు, తెలంగాణపు యాసయు వెక్కిరింపు లేక పలుకగల యువకుడు వేయిమందిలో నిలబడును. దీనికి దళారి అక్కఱలేదు. బిగ్గఱగా చదువుట చాలును.

ఇక హెచ్చరిక. వేషమిచ్చువాడు వేతన మియ్యవలసినవాడే గాని సొమ్ము అడుగవలసినవాడు గాడు. ‘నమోదు రుసుము’ అన్నచోట ఆగవలెను. పిలిచిన సంస్థ నిజమైనదో కాదో విచారింపక కదలరాదు. బాలబాలికలు పెద్దల తోడు లేక పోరాదు. పనిచోట స్త్రీలను లైంగిక వేధింపులనుండి కాపాడుటకు 2013లో చట్టము వచ్చినది. చిత్రరంగము దానికి వెలి గాదని ప్రతి యువతియు ఎఱిగియుండవలెను.

ఈ విద్యకు మొదటి రంగము పాఠశాలయే. వార్షికోత్సవమున సినిమాపాటకు గంతులు వేయించుటకు మాఱుగా ఒక ఏకాంకికను ఆడించిన ఉపాధ్యాయుడు, పాఠములోని సంభాషణను పాత్రోచితముగా చదివించిన ఉపాధ్యాయుడు, నటుని తయారుచేయుచున్నాడు. ఆ బాలుడు నటుడు కాకపోయినను నష్టము లేదు. నలుగురియెదుట తలయెత్తి తెలుగు మాటాడగల మనిషియగును. అయినచో, తన్ను తాను చాటుకొనవలసిన దినమున చూపుటకు ముఖముతోపాటు ఒక పనియు అతనియొద్ద నుండును.