బదిలీ పెట్టెలో సొరబుర్ర

బదిలీ ఉత్తర్వు రాగానే మనందరి ఇళ్లలో వినిపించే మాట ఒకటే: "సామాను తగ్గించాలి." మా ఇంట్లో మాత్రం ఒక అట్టపెట్టె ఎన్నిసార్లు ఊరు మారినా తగ్గదు. దానిమీద "ముంతలు, మగ్గులు - జాగ్రత్త" అని రాసి ఉంటుంది. అమ్మమ్మ రైలు ప్రయాణాల్లో వాడిన ఇత్తడి మరచెంబు, మణిపూర్‌లో కుమ్మరి సారె లేకుండా చేత్తోనే చేసే లాంగ్‌పి నల్ల కప్పు, ఉత్తరప్రదేశ్ ఖుర్జా పింగాణీ మగ్గు, ఇలా పాతవీ కొత్తవీ అందులో కలిసే ఉంటాయి. "ఇదేం పిచ్చి?" అని బంధువులు నవ్వుతారు. పిచ్చి కాదనే మేమంటాం.

ఈ సరదా మా ఒక్కరిదే కాదు. 1930లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో పసిఫిక్ దీవులను తలపించే హోటళ్లు వెలిశాయి. తర్వాతి కాలంలో అలాంటి చోట్ల, దీవుల చెక్కబొమ్మల ముఖాలతో చేసిన పింగాణీ మగ్గుల్లో పానీయాలు ఇచ్చేవారు. వాటినే టికీ మగ్గులంటారు. ఆనాటి పాత మగ్గులనూ, ఇప్పటి కొత్తవాటినీ వెతికి వెతికి కూడబెట్టేవాళ్లు నేటికీ ఉన్నారు. చేతిలో ఇమిడే వస్తువు, ఒక ముఖం ఉన్న వస్తువు, ఒక సాయంత్రాన్ని గుర్తుచేసే వస్తువు ఎవరికి నచ్చదు? అయితే మావోరీల కథల్లో టికీ అంటే తొలి మనిషి. అది తెలియకుండా అరలో పెట్టుకుంటే మగ్గు మిగులుతుంది, మనిషి మిగలడు.

మేమూ ఆ పొరపాటే చేయబోయాం, బాసగూడ సంతలో.

బాసగూడ బీజాపూర్ జిల్లాలో తాలిపేరు ఒడ్డున ఉంది. ఆ ఏరే తెలంగాణలోకి వచ్చి, చర్ల దాటి గోదావరిలో కలుస్తుంది. సంతలో ఒక అవ్వ పక్కన నీళ్లు నింపిన సొరబుర్ర కనిపించింది. బాగా ముదిరి ఎండిన సొరకాయకు పైన రంధ్రం చేసి, గింజలూ గుజ్జూ తీసేస్తే అది తయారవుతుంది. బస్తర్‌లో దాన్ని తుంబా అంటారు. వాడి వాడి నున్నగా మెరుస్తోంది. "ఎంత అవ్వా?" అని అడిగాం. "ఇది అమ్మేది కాదు బిడ్డా, తాగేది" అంది తెలుగులోనే. అడ్డాకు డొప్పలో నీళ్లు వంపి ఇచ్చింది. ఎండలో ఆ నీళ్లు చల్లగా ఉన్నాయి.

2005 తర్వాతి హింసలో బాసగూడ ప్రాంతంలో ఎన్నో కుటుంబాలు ఇళ్లు వదిలేశాయి. కొందరు సరిహద్దు దాటి తెలుగు పల్లెలకు చేరారు. అవ్వ కుటుంబమూ అలా వెళ్లి తిరిగి వచ్చిందట. ఆ రోజు చేతికి అందింది ఈ బుర్రేనట. మనకు బదిలీ అంటే ఉత్తర్వు, లారీ, కొత్త క్వార్టర్. వాళ్లకు అవేవీ లేవు. ధర అడిగినందుకు మాకు సిగ్గేసింది.

చల్లకొచ్చి ముంత దాచడమెందుకని, మా ముంతల సరదా సంగతి అవ్వకు చెప్పేశాం. ఆమె నవ్వి కొంగుముడి విప్పి నాలుగు సొర గింజలు చేతిలో పెట్టింది. "మీ ఊళ్లో పెట్టుకోండి" అంది. మా ఊరు ఏదో మాకే తెలియదు. అయినా తీసుకున్నాం.

పిల్లలూ, మీరూ ప్రతి మజిలీలో ఒక గ్లాసో ముంతో దాచుకోండి. ఖరీదైనదే కానక్కర్లేదు. కానీ కొనేముందు మూడు విషయాలు అడగండి: దీన్ని మీ భాషలో ఏమంటారు, ఎలా చేస్తారు, ఇందులో ఏం తాగుతారు? వీలైతే వాళ్ల చేతి నీళ్లు ఒక్క గుక్క తాగండి. "మీది ఏ ఊరు?" అని ఎవరైనా అడిగితే మనం తడబడతాం కదా. అప్పుడు ఆ పెట్టె తెరిచి చూపించవచ్చు.

ఈసారి మా పెట్టెలో బుర్ర లేదు, గింజలున్నాయి. వచ్చే క్వార్టర్‌లో గుప్పెడు మట్టి ఉంటే చాలు.