సెట్_ఎఫ్ఎస్ (లినక్స్ కెర్నెల్)

సెట్_ఎఫ్ఎస్ అనునది లినక్స్ కెర్నెల్‌లో తొలి రోజుల నుండి ఉండి, 2022 మే నెలలో వెలువడిన 5.18 వెర్షనుతో పూర్తిగా తొలగింపబడిన ఒక ఫంక్షను. ఒక భద్రతా తనిఖీని సడలించుటకు దీనిని వాడెడివారు. ఇంటెల్ ప్రాసెసర్లలోని ఎఫ్ఎస్ అను సెగ్మెంటు రిజిస్టరును బట్టి ఈ పేరు వచ్చినది. ఆ రిజిస్టరుతో పని తీరిన తరువాత కూడ పేరు నిలిచిపోయినది.

తనిఖీ, దానిలోని లోపము

ఒక ఫైలును చదివి పెట్టుమని ప్రోగ్రాము కెర్నెల్‌ను కోరునపుడు, ఫలితమును ఏ మెమరీ చిరునామాలో వ్రాయవలెనో కూడ తెలుపును. ఆ చిరునామా ప్రోగ్రాముకు చెందిన భాగములోనిదేనా అని కెర్నెల్ చూడవలెను. చూడనిచో ప్రోగ్రాము కెర్నెల్ చేతనే కెర్నెల్ మెమరీని చెరిపింపగలదు. ఇందుకై ప్రతి ప్రాసెస్‌కు ఒక చిరునామా హద్దు ఉండెడిది.

కెర్నెల్ తన సొంత అవసరములకు కూడ అవే ఫంక్షనులను వాడుకొనదలచుటతో చిక్కు వచ్చినది. సెట్_ఎఫ్ఎస్‌తో హద్దును తాత్కాలికముగ ఎత్తివేసి, పని ముగిసిన పిదప మరల నిలిపెడిది. నిలుపుట మరచినను, మధ్యలో పని చెడినను, తనిఖీ జరుగుచునే ఉండును గాని దేనిని అడ్డగింపదు. అసలు తనిఖీ లేకపోవుట కంటె ఇది ఒక విధముగ ప్రమాదకరము. ఏలయనగా కోడు చదువువారికి అంతయు సవ్యముగనే కనిపించును.

2010లో నెల్సన్ ఎల్హేజ్ కనుగొన్న సివిఇ-2010-4258 ఇట్టిదే. హద్దు ఎత్తివేసియున్న సమయమున కెర్నెల్ దోషము వలన ప్రాసెస్ అర్ధాంతరముగ ముగిసినచో, ముగింపు పనులలో భాగముగ, ప్రోగ్రాము ముందే చెప్పియుంచిన చిరునామాలో కెర్నెల్ ఒక సున్నను వ్రాయును. హద్దు లేదు గనుక ఆ చిరునామా కెర్నెల్‌లోనిదైనను వ్రాయును. ఆ సున్నను మరికొన్ని చిన్న లోపములతో జతపరచి సాధారణ వినియోగదారుడు యంత్రముపై సర్వాధికారములు పొందవచ్చునని రుజువైనది.

తొలగింపు

ఒక్కొక్క చోట అతుకు వేయుట కంటె, హద్దును ఎత్తు వీలునే తీసివేయుట మేలని క్రిస్టాఫ్ హెల్విగ్ ప్రభృతులు పూనుకొనిరి. కెర్నెల్ సొంత డేటాకు వేరు ఫంక్షనులు ఏర్పరచి, డ్రైవర్లను, ఫైల్ సిస్టములను, నెట్‌వర్క్ కోడును క్రమముగ వాటికి మార్చిరి. 2020 డిసెంబరులో వచ్చిన 5.10లో ఎక్స్86, పవర్‌పీసీ ప్రాసెసర్లకు ఇది తీరినది. చివరి అవశేషములను ఆర్న్డ్ బెర్గ్‌మన్ 5.18లో తొలగించెను.

ఇక్కడ పోయినది హద్దును మార్చు వీలు మాత్రమే, తనిఖీ కాదు. 2017లో 4.13 వెర్షనుకై వెయిట్ఐడి అను సిస్టమ్ కాల్‌ను సవరించుచు తనిఖీనే వదలివేయుటతో సివిఇ-2017-5123 అను రంధ్రము ఏర్పడి, కొద్ది వారములకే దానిని పూడ్చవలసి వచ్చినది.

పాత కెర్నెళ్ళతో నడుచు ఫోనులు, రౌటర్లలో ఎత్తదగిన హద్దు ఇంకను ఉన్నది. తయారీదారులు కొత్త వెర్షనుకు మారిననే తప్ప ఈ మార్పు వాటికి చేరదు.