బాతులు వదిలేసే మొక్కలు

మా గన్‌ఫౌండ్రీలో చెరువూ లేదు, బాతులూ లేవు. 1798లో కన్నుమూసిన ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాముగారి కోసం ఫిరంగులు పోయించిన చోటిది. అలాంటి పేటలో కూర్చుని బాతుల మేతను గురించి వ్రాస్తున్నానంటే అందుకు కారణం మా పిన్ని.

పిన్నికి నగరం శివార్లలో ఒక తోటా, తోటలో ఒక కుంటా ఉన్నాయి. కాపలాకని నాలుగు పెద్దబాతుల్ని తెచ్చింది. దొంగల మాట దేవుడెరుగు, గట్టు మీది గరిక మటుకు ఆనవాలు లేకుండా పోయింది. బోడిగట్టు వానకు కరిగి కుంటలోకి జారుతోంది. ఇలా నాలుగేళ్ళు జారితే ఇక కుంట ఉండదు.

"అవి ముట్టని మొక్క చెప్పరా" అంది ఫోనులో. తోటమాలి అప్పటికే సలహా ఇచ్చాడట: తూటికాడ, అదే కొన్ని ఊళ్ళలో లొట్టపీసు అంటారే, అది. కొమ్మ గుచ్చితే చాలు బతుకుతుంది, పశువులు సాధారణంగా దాని జోలికి పోవు.

"ఆగు పిన్నీ!" అన్నాను. ఎవరూ తినని మొక్క చివరకు చెరువునే తింటుంది. తూటికాడ కమ్మేసిన కుంటలూ, పూడిపోయిన కాలువలూ మన పల్లెల్లో ఎన్ని లేవు? దక్షిణ అమెరికాలో పుట్టి, పువ్వు అందం చూపి దేశదేశాలు తిరిగిన గుర్రపుడెక్క కూడా అంతే. అనువు కుదిరితే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. మా ఇంటికి దగ్గరున్న హుస్సేన్‌సాగర్‌లో దాన్ని తీయడానికి యంత్రాలనే దింపవలసి వచ్చింది.

అసలు పెద్దబాతు స్వభావం తెలుసుకోవాలి. చిన్నబాతు బురదలో నత్తల్ని వెతుక్కుంటుంది. పెద్దబాతు ఆవులాగా గడ్డి మేస్తుంది. చలికాలంలో హిమాలయాలు దాటి మన మంజీరా అభయారణ్యానికి వచ్చే చారలతల బాతులదీ అదే తంతు. హంస పాలూ నీళ్ళూ వేరు చేస్తుందంటారు. దాని చుట్టమైన ఈ పక్షి లేతాకునూ ముదురాకునూ వేరు చేస్తుంది. ముదురుది, ఘాటైనది, ముళ్ళున్నది, నాలుక దురద పెట్టేది వదిలేస్తుంది.

ఈ లెక్కన చూస్తే కావలసినవన్నీ మన ఇళ్ళలో తెలిసినవే. గట్టుకు వట్టివేరు: ఆకు గరుకు, వేరు నిలువునా లోతుకు దిగి మట్టిని పట్టుకుంటుంది. దాని పక్కన నిమ్మగడ్డి: మనకు పరిమళం, బాతుకు వెగటు. నీటి అంచున వస, చేమ. వసకు ఘాటు ఉంది, పచ్చి చేమాకు గొంతు దురద పెడుతుందని ఏ ఇల్లాలికి తెలియదు? చోటుంటే ఒక మూల మొగలి. కలువ, తామరల మీద ఆశ పెట్టుకోకండి. లేతాకు నీటిపైకి రాగానే ఫలహారమైపోతుంది. గన్నేరు అసలే వద్దు. అది విషం, ఇంట్లో పిల్లలున్నారు.

నాటడంలోనూ ఒడుపు ఉంది. తొలకరికి నాటండి. నారుమొక్కలు కాక బలిసిన దుబ్బులే పెట్టండి. ఎంత ఘాటు మొక్కైనా లేత చిగురు మీద బాతు ఒకసారి ముక్కు పెట్టి చూడక మానదు, అంచేత వేళ్ళు ఊనేదాకా చుట్టూ వల కట్టాలి. దుబ్బులు మోకాలెత్తు దాటి ఒత్తుగా పెరిగితే సగం పని తీరినట్టే. నీటినుంచి గట్టు అవతలికి చూపు ఆనకపోతే బాతు అటు ఎక్కడానికి జంకుతుంది, పొంచి ఉన్న కుక్క ఏదైనా కనబడదేమోనని దాని భయం.

ఇంత చేసినా ఆకలి మీదున్న బాతు ముందు ఏ మొక్కా నిలవదు. అందుచేత గట్టుకు దూరంగా నాలుగు గజాల మేర గరిక పెంచి దాని వాటా దానికి వదిలేయమన్నాను. కడుపు నిండిన బాతును మించిన కంచె లేదు.