నాయక్ కూడా యుద్ధం మాటే



మొన్న తెలుగు పీరియడ్‌లో యుద్ధానికి, సైనికులకు సంబంధించిన మాటలు తెలిసినవి బోర్డు మీద రాయమన్నారు. సిపాయి, తుపాకి, ఫిరంగి, పటాలం అని బోర్డు నిండింది. నేను "నాయక్" అని రాశాను. క్లాసంతా నవ్వారు. "అది మీ తండావాళ్ళ పేరే, యుద్ధం మాట కాదు" అన్నారు. నేను తుడిచేసి కూర్చున్నా. తుడవకుండా ఉండాల్సింది.

బోర్డు మీదున్న ఆ మాటలు తెలుగులో పుట్టినవేనా? సిపాయి పారశీకం నుంచి వచ్చింది. తుపాకి టర్కీ వాళ్ళ మాట. పటాలం అంటే బెటాలియనే. ఫిరంగి అయితే ముందు పరదేశి మనిషికి పేరు, తర్వాత వాడు తెచ్చిన గొట్టానికి పేరైంది. వీటన్నిటికీ చోటుంది గానీ మా ఇంటి మాటకు లేదా?

మన సైన్యంలో హవల్దారు కింద నాయక్, ఆ కింద లాన్స్ నాయక్ ఉంటారు. 1971 యుద్ధంలో చనిపోయి పరమవీర చక్ర పొందిన ఆల్బర్ట్ ఎక్కా లాన్స్ నాయకే. ఆయన కూడా ఆదివాసీ. మా తండా పెద్దనీ నాయక్ అనే అంటాం.

తండా అంటే మొదట ఊరు కాదు, సరుకు మోసే ఎడ్ల బిడారు. ఆ మోతను మా యాడి "లదేణి" అంటుంది. మొగలాయి దండుకి తిండి గింజలు మోసింది మావాళ్ళే. 1792లో ఇంగ్లీషువాళ్ళు టిప్పు మీద శ్రీరంగపట్నం వెళ్ళినప్పుడూ బంజారాల ఎడ్లు ధాన్యం మోశాయి. గింజలు లేకపోతే ఏ సిపాయి నడుస్తాడు? ఆ ఇంగ్లీషువాళ్ళే 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చి, తర్వాత మావాళ్ళనీ అందులో చేర్చారు. 1952 దాకా అది పోలేదు. మోసినందుకు ఇచ్చిన పేరు అదన్నమాట.

పేర్లు పెట్టేవాళ్ళు ఏదైనా పెడతారు లెండి. రజాకార్ అంటే అసలు అర్థం స్వచ్ఛంద సేవకుడు. మన జగ్గయ్యపేట దాటితే నైజాం రాజ్యం ఉండేది కాబట్టి ఇక్కడి ముసలోళ్ళకు ఆ మాట వింటే ఏం గుర్తొస్తుందో అడగండి. 1948 సెప్టెంబరులో విజయవాడ వైపు నుంచి కోదాడ, సూర్యాపేట మీదుగా సైన్యం ట్యాంకులతో వెళ్తే, దానికి "పోలీసు చర్య" అని పేరు!

ఆ మాటలన్నీ చార్టు మీద రాసి మెస్ గోడకు అంటిస్తారంట. నిన్న చూశాను, అడుగున రెండు గడులు ఖాళీగా ఉన్నాయి. ఒకదాంట్లో నాయక్, ఇంకోదాంట్లో లదేణి పడతాయి. స్కెచ్ పెన్ను నా దగ్గరుంది, మేడమ్ గారు సరే అంటే చాలు.

— 9వ తరగతి విద్యార్థిని