పాపికొండల్లో కనబడని జాతీయ ఉద్యానం

ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖ ముఖ్య వన్యప్రాణి సంరక్షకులకు బహిరంగ లేఖ



గోదావరికి ఇరువైపులా పరచుకొన్న పాపికొండల అడవి 1978లో అభయారణ్యంగానూ, 2008లో జాతీయ ఉద్యానంగానూ ప్రకటితమైంది. దాని విస్తీర్ణం సుమారు 1,012 చదరపు కిలోమీటర్లు. అయినా ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచల నుంచి తెల్లవారుజామున బయలుదేరి, భద్రాచలంలో రామదర్శనం చేసుకొని, శబరి గోదావరిలో కలిసే కూనవరం దాటి, పోచవరం రేవులో పడవెక్కి, పేరంటపల్లి శివాలయం చూసి, రాత్రికి ఇల్లు చేరే యాత్రికుల్లో తాము తిరిగివచ్చింది ఒక జాతీయ ఉద్యానంలోనని ఎరిగినవారు అరుదు.

ఇందులో యాత్రికుల తప్పు స్వల్పం. పడవ మీది మైకు సినిమా పాటలు వినిపిస్తుంది, షూటింగులు జరిగిన చోట్లు చూపిస్తుంది, కొండల అందాన్ని పొగుడుతుంది. ఆ కొండల్లో అడవిదున్న, కణితి, చిరుత, ఎలుగుబంటి బతుకుతున్నాయని మాత్రం చెప్పదు. పాల్వంచ సమీపంలోని కిన్నెరసానికి వెళ్లినవారికి జింకల పార్కు, జలాశయంలోని మొసళ్ల ప్రస్తావన పుణ్యమా అని అది అటవీ శాఖ కాపాడే చోటన్న స్పృహైనా కలుగుతుంది. చట్టరీత్యా అభయారణ్యం మాత్రమే అయిన కిన్నెరసానికి ఉన్నపాటి గుర్తింపు, అంతకన్నా కఠినమైన రక్షణ కలిగిన పాపికొండలకు లేకపోవడం వింతే.

ఆ కఠినత్వమేమిటో సామాన్య పాఠకులకు వివరించడం అవసరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో కొన్ని హక్కులను కొనసాగనివ్వవచ్చు, పశువుల మేతను నియంత్రణకు లోబడి అనుమతించవచ్చు. జాతీయ ఉద్యానంలో మేతకు తావు లేదు. పర్యాటకం కోసం ప్రవేశానికి అనుమతి ఇచ్చే అధికారం ముఖ్య వన్యప్రాణి సంరక్షకులదే కనుకనే ఈ లేఖ పర్యాటక శాఖను కాక తమను ఉద్దేశించింది.

సరిహద్దు చిక్కు మరొకటి. కూనవరం, వరరామచంద్రాపురం, చింతూరు మండలాలు 2014 వరకు ఖమ్మం జిల్లావే; పోలవరం ప్రాజెక్టు ముంపు కారణంగా అవి ఆంధ్రప్రదేశ్‌లో కలవగా భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. ఫలితంగా యాత్ర మొదలయ్యే ఊరు ఒక రాష్ట్రంలో, పడవ కదిలే రేవు మరొక రాష్ట్రంలో ఉన్నాయి. భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43, 48, 53 అడుగులకు చేరినప్పుడు వరుసగా మూడు ప్రమాద హెచ్చరికలు జారీ అవుతాయి. 2022 జులైలో అది 71 అడుగులు దాటింది. పోచవరంలో పడవలు నడుస్తున్నాయో నిలిచాయో కూడా ఆ పట్టణంలోనే, అధికారిక ప్రకటనగా, రెండు రాష్ట్రాల సమన్వయంతో తెలియాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద వరద గోదావరిలో పడవ మునిగి పదుల సంఖ్యలో యాత్రికులు మరణించిన తరువాత ఈ మాట అతిజాగ్రత్త అనిపించుకోదు. పడవల భద్రత ఇతర శాఖల బాధ్యత అనే సమాధానం సాంకేతికంగా సరైనదే కావచ్చు గాని, ఉద్యానం మధ్యగా సాగే ప్రయాణంలో అటవీ శాఖ ప్రేక్షకపాత్ర వహించడాన్ని అది సమర్థించదు.

ఈ కొండలు నిర్జనమైనవి కావు. ప్రత్యేక దుర్బల గిరిజన సమూహంగా, అంటే గిరిజనుల్లోనూ మరింత రక్షణ అవసరమైన వర్గంగా, గుర్తింపు పొందిన కొండరెడ్లు ఇక్కడ తరతరాలుగా పోడు సాగు చేస్తూ, వెదురు మీద ఆధారపడి జీవిస్తున్నారు. పడవ దిగిన యాత్రికులకు వారు వెదురు వస్తువులు అమ్మేవారుగానే కనిపిస్తారు. అడవిని చెట్టు చెట్టుగా ఎరిగిన ఆ యువతకు శిక్షణనిచ్చి ప్రతి పడవలోనూ మార్గదర్శకులుగా నియమిస్తే, టికెట్టు డబ్బులో ఒక వంతు వారి గూడేలకు చేరడమే కాక, మైకుకు చెప్పదగిన మాటలూ దొరుకుతాయి.

అన్నింటికన్నా గట్టిగా అడగవలసినది ముంపు సంగతి. పోలవరం జలాశయంలో పూర్తిస్థాయి నీటిమట్టం, అంటే నీరు నిలవగల గరిష్ఠ ఎత్తు, సముద్రమట్టానికి 45.72 మీటర్లు. ఆ మేరకు నీరు నిలిస్తే ఉద్యానపు నదీతీర భాగం మునుగుతుంది. ఎండాకాలంలో దాహం తీర్చుకోవడానికి జంతువులు దిగివచ్చే ఒడ్డులు, వాగుల ముఖద్వారాలు అందులోనివే. ఇళ్లు, పొలాలు కోల్పోయినవారి పునరావాసంపై చర్చ, ఎంత అసంపూర్ణంగానైనా, జరుగుతోంది. మునిగే అడవి గురించి ఈ తీరాన పలికేవారు కనబడరు. నేడు పడవలో వెళ్లే కుటుంబం చూస్తున్న ఒడ్డుల్లో ఏవి మిగులుతాయో, ఏవి మిగలవో తెలిపే పటాన్ని, తెలుగులో, సామాన్యులకు అర్థమయ్యేలా శాఖ ప్రచురించి, పోచవరం రేవులోనూ, తెలంగాణ అనుమతితో భద్రాచలం బస్టాండులోనూ, రానున్న కార్తిక మాసపు రద్దీకి ముందే ప్రదర్శించాలని ఈ లేఖ కోరుతోంది.